ఏ పేరు ఎవరిని అడగాలి? వీపీఎన్ మీద స్ప్లిట్ డీఎన్‌ఎస్: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఇది ఒక మధ్యస్థాయి సంస్థలో జరిగింది. ఉద్యోగుల్లో చాలామంది ఇంటి నుంచే పనిచేస్తారు. గిట్ సర్వర్, వికీ, జీతాల పోర్టల్ లాంటివి బయటి ఇంటర్నెట్‌కి కనిపించవు, ఓపెన్‌వీపీఎన్ అనే వీపీఎన్‌తో (ఇంటర్నెట్ మీదుగా సంస్థ నెట్‌వర్క్‌లోకి వేసుకునే రహస్య దారి) లోపలికి వెళ్తేనే అందుతాయి. అక్కడి నెట్‌వర్క్ టీమ్‌కి నేను బయటి నుంచి సాయం చేస్తుంటాను. గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. డొమైన్‌ని ఇక్కడ సంస్థ.ఉదాహరణ అంటాను, ఐపీ అడ్రస్‌లు కూడా మార్చినవే.

సమస్య వచ్చింది ఒక డెవలపర్ ల్యాప్‌టాప్‌లో. అందులో ఉబుంటు ఉంది, వీపీఎన్ కనెక్షన్‌ని నెట్‌వర్క్‌మేనేజర్ చూసుకుంటుంది. వీపీఎన్‌ని స్ప్లిట్ టనెల్‌గా పెట్టారు. అంటే 10.20 తో మొదలయ్యే లోపలి అడ్రస్‌లకి (10.20.0.0/16) వెళ్లే ట్రాఫిక్ మాత్రమే టనెల్‌లోకి, అంటే వీపీఎన్ దారిలోకి పోతుంది, మిగతాదంతా ఇంటి ఇంటర్నెట్ మీద నేరుగా వెళ్తుంది. పేరు అడిగితే దాని ఐపీ అడ్రస్ చెప్పేది డీఎన్‌ఎస్. సంస్థ లోపలి డీఎన్‌ఎస్ సర్వర్ 10.20.0.53. ఇంట్లో రౌటరే డీఎన్‌ఎస్, దాని అడ్రస్ 192.168.1.1.

ఇక్కడ ఒక విషయం ముందే చెప్పాలి. ప్యాకెట్‌కి దారి చూపించే రౌటింగ్ టేబుల్ వేరు, పేరుకి దారి చూపించే ఏర్పాటు వేరు. స్ప్లిట్ టనెల్ పెట్టగానే పేర్లు కూడా వాటంతటవే విడిపోతాయని చాలామంది అనుకుంటారు. విడిపోవు. పేర్ల సంగతి ఎవరో ఒకరు విడిగా చెప్పాల్సిందే. లోపలి పేర్లకి లోపలి డీఎన్‌ఎస్‌ని, మిగతావాటికి బయటి డీఎన్‌ఎస్‌ని అడిగేలా చేసే ఆ ఏర్పాటే స్ప్లిట్ డీఎన్‌ఎస్.

వచ్చిన ఫిర్యాదు

"వీపీఎన్ తీసేశాక నెట్ చచ్చిపోతోందండీ. టెర్మినల్‌లో ఏం కొట్టినా ఆగి ఆగి వస్తోంది." ఆయన మొదట చెప్పింది ఇంతే. అడిగేకొద్దీ ఇంకో రెండు బయటపడ్డాయి. వీపీఎన్ ఆన్‌లో ఉన్నప్పుడు టెర్మినల్‌లో గిట్ పనిచేస్తుంది కానీ బ్రౌజర్‌లో వికీ తెరిస్తే "సర్వర్ దొరకలేదు" అని వస్తుంది. అదే సమయంలో ఇంట్లోని ప్రింటర్ పేరు కంప్యూటర్‌కి తెలియకుండా పోతుంది.

మూడూ ఒకే సమస్యలా వినిపిస్తాయి. నాకు అలా అనిపించలేదు. లోపలి పేర్లు టెర్మినల్‌లో దొరికి బ్రౌజర్‌లో దొరకట్లేదంటే ఆ రెండూ ఒకే చోట అడగట్లేదన్నమాట. అందుకని ఏదీ మార్చకముందు ఒక్కో ప్రోగ్రామ్ ఎవరిని అడుగుతోందో తేల్చుకోవాలనుకున్నాను.

ఆయన అప్పటికే చేసి చూసినవి

ఆయన తెలివైన మనిషి, ఊరికే కూర్చోలేదు. ముందు ఈటీసీ ఫోల్డర్‌లోని హోస్ట్స్ ఫైల్‌లో లోపలి సర్వర్ల అడ్రస్‌లు రాసుకున్నారు. కొన్నాళ్లు నడిచింది. తర్వాత గిట్ సర్వర్‌ని కొత్త మెషీన్ మీదకి మార్చారు, అడ్రస్ మారింది, ఫైల్‌లో మాత్రం పాతదే ఉండిపోయింది. హోస్ట్స్ ఫైల్ పనిచేయదని కాదు. సర్వర్ అడ్రస్ మారినప్పుడు ఆ మార్పు మన ఫైల్‌కి తెలిసే దారి లేదు, ఇబ్బంది అక్కడే.

తర్వాత అదే ఫోల్డర్‌లో, ఏ డీఎన్‌ఎస్‌ని అడగాలో రాసి ఉండే రిజాల్వ్.కాన్ఫ్ ఫైల్ తెరిచి రెండు నేమ్‌సర్వర్లు (డీఎన్‌ఎస్ సర్వర్లు) రాశారు: మొదట ఇంటి రౌటర్, కింద లోపలి డీఎన్‌ఎస్. మొదటిదానికి తెలియకపోతే రెండోదాన్ని అడుగుతుందిలే అని ఆయన లెక్క. చాలామంది లెక్క కూడా అదే. కానీ లైనక్స్‌లో ప్రోగ్రామ్‌ల తరఫున పేర్లు అడిగే జీలిబ్‌సీ రిజాల్వర్ అలా నడవదు. మొదటి సర్వర్ జవాబే ఇవ్వకపోతేనో, నేను చెప్పలేనని విఫలమైతేనో రెండోదాని దగ్గరికి పోతుంది. "అలాంటి పేరే లేదు" అని వస్తే, అంటే ఎన్‌ఎక్స్‌డొమైన్ వస్తే, అది పూర్తి జవాబు కిందే లెక్క. అక్కడితో ఆగిపోతుంది. ఇంటి రౌటర్ వైపు నుంచి చూస్తే లోపలి వికీ అనే పేరు నిజంగానే లేదు. అది నిజాయితీగా "లేదు" అంది, కథ అక్కడే ముగిసింది.

అప్పుడాయన వరుస తిప్పి లోపలి డీఎన్‌ఎస్‌ని పైన పెట్టారు. లోపలి పేర్లు వచ్చాయి. అయితే ఇప్పుడు ప్రింటర్ పేరుకి లోపలి డీఎన్‌ఎస్ "లేదు" అంటోంది. అంటే అదే తప్పు అటు నుంచి ఇటు తిరిగింది. ఈ ఫైల్‌లో ఎన్ని వరుసలు మార్చినా స్ప్లిట్ డీఎన్‌ఎస్ రాదు. అందులో సర్వర్ల అడ్రస్‌లు రాసే చోటు ఉంది కానీ, ఏ డొమైన్‌కి ఏ సర్వర్ అని చెప్పే చోటు లేదు.

చివరగా, నెట్‌వర్క్‌మేనేజర్ ఫైల్‌ని తిరగరాస్తోందని ఆయన దాన్ని రూట్ కూడా మార్చలేకుండా సీహెచ్ఎటిటిఆర్ కమాండ్‌తో ప్లస్ ఐ పెట్టి తాళం వేసేశారు. ఈ సంగతి ఆయన నాకు చెప్పలేదు, మర్చిపోయారు. అసలు ముడి అక్కడే ఉంది.

పరీక్షించిన తీరు

వీపీఎన్ తీసేసి, టెర్మినల్‌లో గెట్‌ఎంట్ అనే కమాండ్‌తో ఒక మామూలు పబ్లిక్ పేరు అడిగించి టైమ్ చూశాను. 5 సెకన్ల మీద కాస్త. మళ్ళీ అడిగితే మళ్ళీ 5 సెకన్ల మీద కాస్త. ఆ అంకె చూడగానే టెన్షన్ సగం తగ్గింది. నెట్ నిజంగా స్లో అయితే ఒకసారి రెండు, ఒకసారి ఏడు ఇలా ఊగుతుంది. ప్రతిసారీ సరిగ్గా 5 దగ్గర ఆగుతోందంటే ఎవరో గడియారం పెట్టుకుని ఎదురుచూస్తున్నారని అర్థం. జీలిబ్‌సీ ఒక సర్వర్ కోసం ఆగే డిఫాల్ట్ గడువు 5 సెకన్లే. టనెల్ లేనప్పుడు 10.20.0.53 అందదు, ఆ 5 సెకన్లూ దానికోసం ఆగి, ఆ తర్వాతే ఇంటి రౌటర్‌ని అడుగుతోంది.

తర్వాత వీపీఎన్ ఆన్ చేసి, ప్రింటర్ పేరుని రెండు రకాలుగా అడిగాను. గెట్‌ఎంట్‌తో అడిగితే దొరకలేదు. రిజాల్వ్‌సీటీఎల్ క్వెరీ అనే ఇంకో కమాండ్‌తో అడిగితే దొరికింది, వైఫై లింక్ నుంచి వచ్చిందని కూడా కింద రాసింది. ఈ కేసులో అన్నిటికంటే విలువైన ఆధారం ఇదే. రిజాల్వ్‌సీటీఎల్ నేరుగా సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డీతో, అంటే ఉబుంటులో పేర్ల సంగతి చూసుకునే సర్వీస్‌తో మాట్లాడుతుంది. గెట్‌ఎంట్ మామూలు ప్రోగ్రామ్‌లు వెళ్లే దారిలోనే వెళ్తుంది. అంటే రిజాల్వ్‌డీ దగ్గర అంతా సరిగ్గానే ఉంది, ఏ లింక్‌కి ఏ డీఎన్‌ఎస్ అన్నది నెట్‌వర్క్‌మేనేజర్ దానికి చెప్పింది కూడా. కానీ ప్రోగ్రామ్‌లేవీ దాన్ని అడగట్లేదు.

ఉబుంటులో రిజాల్వ్.కాన్ఫ్ మామూలుగా ఫైల్ కాదు, రిజాల్వ్‌డీ తయారుచేసే ఫైల్ వైపు చూపించే సింబాలిక్ లింక్. అందులో ఒకే నేమ్‌సర్వర్ ఉంటుంది, 127.0.0.53. ప్రోగ్రామ్‌లన్నీ దాన్ని అడుగుతాయి, అక్కడి నుంచి ఏ పేరు ఎటు పోవాలో రిజాల్వ్‌డీ చూసుకుంటుంది. ఇక్కడ ఎల్ఎస్‌తో చూస్తే లింక్ కాదు, మామూలు ఫైల్. ఎల్ఎస్ఎటిటిఆర్‌తో చూస్తే ఐ అక్షరం. తాళం దొరికింది.

ఫైల్ బాగుచేశాక

తాళం తీసి, సింబాలిక్ లింక్ మళ్ళీ పెట్టి, నెట్‌వర్క్‌మేనేజర్‌ని రీస్టార్ట్ చేశాం. 5 సెకన్ల ఆగుడు పోయింది. ప్రింటర్ పేరు వచ్చింది. గిట్ వచ్చింది. బ్రౌజర్‌లో వికీ మాత్రం ఇంకా రాలేదు, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇక్కడితో ఆపేయొచ్చనిపించే స్థితి. కానీ రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్‌లో టనెల్ లింక్ కింద డొమైన్‌గా సంస్థ.ఉదాహరణ అని ఉంది. వీపీఎన్ సర్వరే దాన్ని పంపిస్తోంది. రిజాల్వ్‌డీ దృష్టిలో దీని అర్థం, ఆ డొమైన్‌తో ముగిసే ప్రతి పేరూ టనెల్‌లోని డీఎన్‌ఎస్‌కే వెళ్లాలని. టీమ్ వాళ్లు "మన డొమైన్ మన సర్వర్‌కే వెళ్లడం సరైనదే కదా" అన్నారు. వినడానికి బాగానే ఉంది కాబట్టి అలాగే ఉంచి గమనిద్దామనుకున్నాం.

రెండు చోట్ల విరిగింది. మొదటిది చిన్నది: సంస్థ పబ్లిక్ వెబ్‌సైట్ విభాగాల్లో ఒకటి బయటి హోస్టింగ్‌లో ఉంది, దాని పేరు లోపలి డీఎన్‌ఎస్‌లో ఎవరూ రాయలేదు. లోపలి సర్వర్ ఆ డొమైన్ మొత్తానికీ తానే అధికారినని నమ్ముతుంది కాబట్టి "లేదు" అని ఖచ్చితంగా చెప్పేస్తుంది. వీపీఎన్‌లో ఉన్నవాళ్లకి సొంత సంస్థ పేజీ తెరుచుకోదు.

రెండోదే పెద్దది. ఆయన ఇంట్లో ఇంటర్నెట్ లైన్ కాసేపు పోయి మళ్ళీ వచ్చింది. వైఫై మాత్రం రౌటర్‌తో కనెక్ట్ అయ్యే ఉంది. మామూలుగా అయితే ఓపెన్‌వీపీఎన్ తనంతట తనే మళ్ళీ కనెక్ట్ కావాలి. కాలేదు. హోస్ట్ పేరుకి అడ్రస్ దొరకట్లేదని లాగ్‌లో వరుసగా అదే లైన్. ఆయన చేత్తో డిస్‌కనెక్ట్ చేసి కనెక్ట్ చేస్తే వెంటనే వచ్చేసింది.

కారణం ఇది. వీపీఎన్ గేట్‌వే, అంటే ఓపెన్‌వీపీఎన్ బయటి నుంచి వెళ్లి కనెక్ట్ అయ్యే సర్వర్. దాని పేరు విపిఎన్.సంస్థ.ఉదాహరణ. అది కూడా అదే డొమైన్‌లోనిది. టనెల్ చచ్చిపోయినా, మళ్ళీ కనెక్ట్ అయ్యే ప్రయత్నంలో ఉన్నంతసేపూ టనెల్ ఇంటర్‌ఫేస్ అలాగే ఉంటుంది, దాని మీది డీఎన్‌ఎస్ నియమాలూ అలాగే ఉంటాయి. ఓపెన్‌వీపీఎన్ గేట్‌వే అడ్రస్ అడుగుతుంది. ఆ పేరు సంస్థ.ఉదాహరణతో ముగుస్తుంది కాబట్టి రిజాల్వ్‌డీ ఆ ప్రశ్నని 10.20.0.53 కి పంపుతుంది. 10.20.0.53 టనెల్ అవతల ఉంది. టనెల్ లేవాలంటే పేరు కావాలి, పేరు కావాలంటే టనెల్ కావాలి. బీరువా తాళంచెవిని అదే బీరువాలో పెట్టి మూసినట్టు.

ఏ దారి, ఎందుకు

నాలుగు దారులు కనిపించాయి.

డీఎన్‌ఎస్ మొత్తం టనెల్‌లోకి పంపించి స్ప్లిట్ అన్నదే వదిలేయడం ఒకటి. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. హానికరమైన పేర్లని ఆపడానికి కొన్ని సంస్థల సెక్యూరిటీ టీమ్‌లు కావాలనే ఇలా పెడతాయి. అందుకే ఏదీ నిర్ణయించకముందు వాళ్లని అడిగించాను, అలాంటి నియమం లేదన్నారు. నియమం లేనప్పుడు దీనికి నష్టాలే ఎక్కువ. ఇంటి ప్రింటర్ పేరు పోతుంది. వీడియోలూ పెద్ద వెబ్‌సైట్లూ ఇచ్చే కంటెంట్ నెట్‌వర్క్‌లు చాలాసార్లు డీఎన్‌ఎస్ సర్వర్ ఉన్న చోటుని బట్టి దగ్గరి సర్వర్‌ని చూపిస్తాయి. ప్రశ్న ఆఫీసు నుంచి, ట్రాఫిక్ ఇంటి నుంచి వెళ్తే ఆఫీసుకి దగ్గరైన, ఇంటికి దూరమైన సర్వర్ తగులుతుంది. పైగా గేట్‌వే పేరు చిక్కు ఇందులోనూ అలాగే ఉంటుంది.

వీపీఎన్ ప్రొఫైల్‌లో గేట్‌వే పేరు బదులు ఐపీ అడ్రస్ రాసేయడం ఇంకో దారి. ఒక గేట్‌వే పడిపోతే పేరుని రెండోదానికి మళ్లించే ఏర్పాటు సంస్థకి ఉంది. ఐపీ రాస్తే ఆ ఏర్పాటు చచ్చిపోతుంది. వద్దనుకున్నాం.

మూడో దారి నాకు నచ్చింది, కానీ వదిలేశాను. ఒక పేరుకి రెండు నియమాలు సరిపోతే రిజాల్వ్‌డీ ఎక్కువ పొడవు కలిసినదాన్ని ఎంచుకుంటుంది. కాబట్టి వైఫై లింక్ మీద విపిఎన్.సంస్థ.ఉదాహరణ అనే నియమం పెడితే, టనెల్ మీద సంస్థ.ఉదాహరణ ఉన్నా గేట్‌వే పేరు వైఫై వైపే వెళ్తుంది. సాంకేతికంగా చక్కగా ఉంది. కానీ ఆ నియమం ప్రతి వైఫై కనెక్షన్‌లోనూ రాయాలి. ఆయన కొత్త చోటికి వెళ్లి కొత్త వైఫైకి కనెక్టైన రోజు మళ్ళీ ఇదే గొడవ. గుర్తుపెట్టుకుంటేనే పనిచేసే పరిష్కారం ఎవరికైనా భారమే.

చివరికి పట్టుకున్నది నాలుగోది: టనెల్‌కి వెళ్లే పేర్లని వీలైనంత కుదించడం. దీనికోసం టీమ్‌తో కూర్చుని లోపలి పేర్ల జాబితా రాయించాను. ముందు సర్వర్ల జాబితా ఇచ్చారు. సర్వర్లు కాదు, పేర్లు కావాలన్నాను. మనుషులు టైప్ చేసేవి, స్క్రిప్ట్‌లలో ఉన్నవి, ఒక పేజీ లోపల నుంచి ఇంకో పేజీని పిలిచేవి అన్నీ. జాబితా వచ్చాక బొమ్మ తేటపడింది. దాదాపు అన్నీ ఇంట్.సంస్థ.ఉదాహరణ కింద ఉన్నాయి. ఆ సబ్‌డొమైన్ రాకముందు పుట్టిన రెండు మాత్రం నేరుగా పై డొమైన్ కింద ఉన్నాయి: జీతాల పోర్టల్, రిపోర్టుల సర్వర్. మిగతావన్నీ బయట దొరికేవే.

పెట్టిన సెట్టింగ్

నెట్‌వర్క్‌మేనేజర్‌లో ఆ వీపీఎన్ కనెక్షన్‌కి మూడు మార్పులు చేశాం. సర్వర్ పంపే డీఎన్‌ఎస్ వివరాలని పట్టించుకోవద్దన్నాం. డీఎన్‌ఎస్ అడ్రస్‌ 10.20.0.53 మనమే రాశాం, ఎందుకంటే మొదటి మార్పుతో సర్వర్ పంపే డొమైన్‌తో పాటు డీఎన్‌ఎస్ అడ్రస్ కూడా పోతుంది. ఇక మూడోది, సెర్చ్ డొమైన్ల చోట ఇంట్.సంస్థ.ఉదాహరణ, ఆపైన జీతాల పోర్టల్ పూర్తి పేరు, రిపోర్టుల సర్వర్ పూర్తి పేరు.

ఇందులో ఒక సన్నని తేడా ఉంది. పేరు ముందు టిల్డే గుర్తు (~) పెడితే అది దారి చూపించడానికి మాత్రమే. పెట్టకపోతే దారీ చూపిస్తుంది, చిన్న పేర్లకి తోకగా కూడా తగులుకుంటుంది. ఈ సంస్థలో అందరూ ఉత్త గిట్ అని టైప్ చేసేవాళ్లు, తోక తగిలితే అది గిట్.ఇంట్.సంస్థ.ఉదాహరణ అవుతుంది. ఇంట్ ముందు టిల్డే పెడితే ఆ అలవాటు ఆగిపోతుంది, స్క్రిప్ట్‌లూ ఆగిపోతాయి. అందుకని ఇంట్‌కి టిల్డే లేకుండా, మిగతా రెండిటికీ టిల్డేతో పెట్టాం. జీతాల పోర్టల్ పేరుని తోకగా తగిలించుకుని గిట్ కోసం వెతకడంలో అర్థం లేదు కదా.

టనెల్ మీద డిఫాల్ట్ రూట్ ఉండకూడదన్న సెట్టింగ్ అప్పటికే ఉంది. దానివల్ల ఏ నియమానికీ తగలని పేర్లన్నీ వైఫై డీఎన్‌ఎస్‌కే పోతాయి. స్టేటస్‌లో టనెల్ లింక్ దగ్గర డిఫాల్ట్‌రూట్ అన్న మాట ముందు మైనస్, వైఫై దగ్గర ప్లస్ కనిపిస్తున్నాయా అని చూశాం. కనిపించాయి.

తర్వాత ఇంటర్నెట్ కేబుల్‌ని రౌటర్ నుంచి పీకించి, టనెల్ చచ్చేదాకా ఆగి, మళ్ళీ పెట్టించాను. తనంతట తనే కనెక్ట్ అయింది. ఈ పరీక్ష చేయకుండా ఈ కేసుని మూయడానికి నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. మామూలుగా కనెక్ట్ అయినప్పుడు పాత సెట్టింగ్ కూడా బాగానే ఉండేది.

బ్రౌజర్ సంగతి

ఇక మిగిలింది వికీ. గెట్‌ఎంట్‌కి దొరికే పేరు ఫైర్‌ఫాక్స్‌కి దొరకట్లేదు. ఆయన ఫైర్‌ఫాక్స్‌లో డీఎన్‌ఎస్‌ని హెచ్‌టీటీపీఎస్ మీద పంపే సెట్టింగ్‌ని గరిష్ఠ రక్షణలో పెట్టుకున్నారు. ఆ స్థాయిలో బ్రౌజర్ సిస్టమ్‌ని అస్సలు అడగదు, నేరుగా బయటి డీఎన్‌ఎస్ సంస్థని అడుగుతుంది, అక్కడ లేదంటే లేదు. కింది స్థాయిల్లో అయితే అక్కడ దొరకనప్పుడు సిస్టమ్ డీఎన్‌ఎస్‌కి వస్తుంది.

సెట్టింగ్ తీసేయమనడం తేలిక. కానీ పబ్లిక్ వైఫైల్లో ఎవరూ తన డీఎన్‌ఎస్ చూడకూడదని ఆయన ఆలోచించి పెట్టుకున్నది అది, మంచి కారణమే. మన వికీ కోసం ఆయన గోప్యత తగ్గించాల్సిన పనిలేదు. అక్కడే ఉన్న మినహాయింపుల జాబితాలో సంస్థ.ఉదాహరణని చేర్చాం. ఆ డొమైన్‌కీ దాని కింది పేర్లకీ సిస్టమ్‌ని అడుగుతుంది, మిగతావన్నీ ముందులాగే గుప్తంగా వెళ్తాయి. వికీ తెరుచుకుంది.

ఆ తర్వాత టీమ్ చేసినవి, నేను నేర్చుకున్నవి

ఒక ల్యాప్‌టాప్‌లో చేత్తో రాసిన డీఎన్‌ఎస్ అడ్రస్ తాత్కాలికమే. ఆ సర్వర్ మారితే హోస్ట్స్ ఫైల్‌కి పట్టిన గతే దీనికీ పడుతుంది. అందుకని వీపీఎన్ సర్వర్ పంపే డొమైన్‌నే సంస్థ.ఉదాహరణ నుంచి ఇంట్.సంస్థ.ఉదాహరణకి మార్పించాం. పై డొమైన్‌లో ఉన్న ఆ రెండిటికీ ఇంట్ కింద కొత్త పేర్లు ఇచ్చి, కొత్త సర్టిఫికెట్లు వేశారు. ఆ తర్వాత డెవలపర్ ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ కనెక్షన్‌కి చేసిన మార్పులన్నీ వెనక్కి తీసేశాం. ఈ ఫలితమే నాకు ఎక్కువ తృప్తినిచ్చింది. ఉద్యోగుల ల్యాప్‌టాప్‌లలో ఏమీ రాయకుండా సరిపోవాలంటే పేర్ల వరుస సర్వర్ దగ్గరే సరిగ్గా ఉండాలి. కొత్తగా వీపీఎన్ పెట్టుకునే సంస్థలకి నేనిప్పుడు మొదటి రోజే చెప్పే మాట ఇది: లోపలి పేర్లకి ఒక సబ్‌డొమైన్ విడిగా పెట్టండి, గేట్‌వే పేరుని పొరపాటున కూడా అందులో పెట్టకండి.

పరీక్షించే టూల్ ఏ దారిలో వెళ్తుందో తెలియకపోతే అది చూపించే ఫలితం మోసం చేస్తుంది. విండోస్ వాడే సహోద్యోగులకి ఇదే ఏర్పాటు ఎన్ఆర్‌పీటీ అనే నియమాల పట్టికలో ఉంటుంది. అక్కడ డొమైన్ ముందు చుక్క పెడితే దాని కింది పేర్లన్నిటికీ, పెట్టకపోతే ఆ ఒక్క పేరుకే వర్తిస్తుంది. పేర్లు అడిగి చూసే ఎన్ఎస్‌లుకప్ టూల్ ఆ పట్టికని చూడదు. దానితో పరీక్షించి "స్ప్లిట్ డీఎన్‌ఎస్ పనిచేయట్లేదు" అని టికెట్లు పెట్టినవాళ్లున్నారు. పవర్‌షెల్‌లోని రిజాల్వ్-డీఎన్‌ఎస్‌నేమ్‌తో చూస్తే నిజం తెలుస్తుంది. మ్యాక్‌లో కూడా డిగ్ అనే టూల్ సిస్టమ్ దారిలో వెళ్లదు, అక్కడ ఎస్‌సీయుటిల్‌తో డీఎన్‌ఎస్ పట్టిక చూసి, డీఎస్‌క్యాష్‌యుటిల్‌తో అడిగి చూడాలి.

వైర్‌గార్డ్ అనే ఇంకో వీపీఎన్‌కి మారదామనుకుంటున్న టీమ్‌లు ఒకటి గమనించాలి. దాన్ని ఆన్ చేసే డబ్ల్యూజీ-క్విక్ సెట్టింగ్ ఫైల్‌లో డీఎన్‌ఎస్ లైన్ రాస్తే డీఎన్‌ఎస్ ప్రశ్నలన్నీ టనెల్‌కే పోయేలా అది ఏర్పాటు చేస్తుంది. స్ప్లిట్ కావాలంటే ఆ లైన్ తీసేసి, ఇంటర్‌ఫేస్ లేచాక నడిచే కమాండ్‌లలో రిజాల్వ్‌సీటీఎల్‌తో సర్వర్‌నీ డొమైన్‌నీ విడిగా చెప్పాలి.

ఇంకా తీరనిది ఒకటుంది. వీపీఎన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు టనెల్ లింకూ ఉండదు, నియమాలూ ఉండవు. అప్పుడు ఏ స్క్రిప్టో, తెరిచి ఉంచిన ట్యాబో గిట్.ఇంట్.సంస్థ.ఉదాహరణ అని అడిగితే ఆ పేరు ఇంటి రౌటర్ మీదుగా బయటి డీఎన్‌ఎస్‌కి చేరుతుంది. జవాబు రాదు కానీ పేరు మాత్రం బయటికి తెలుస్తుంది. సెక్యూరిటీ టీమ్‌కి ఇది రాసి ఇచ్చాను. లోపలి సర్వర్లకి ప్రాజెక్టుల పేర్లు, క్లయింట్ల పేర్లు పెట్టడం ఆపాలని వాళ్లు నిర్ణయించారు. పాత పేర్ల మార్పు ఇంకా నడుస్తోంది.